తెగని ధార

డౌగావ్‌పిల్స్‌లో జనవరి.
గడ్డకట్టిన నది మీద కాకులు నడుస్తున్నాయి.
శ్మశానం పక్క గదిలో రేకు పొయ్యి దగ్గర
హెన్యా చేతులు కాచుకుంటోంది.
చల్లటి చేతులతో ముట్టుకుంటే ఆమెకు బాగుండదట.
ఆమెకు, అంటే బల్ల మీదున్న గీట్లాకు.

నేను ట్రామ్ డిపోలో లెక్కలు రాసేదాన్ని.
ఈ పనికి రావడం మూడోసారి.

గీట్లా నలభై ఏళ్ళు ఈ ఊరి పిల్లలకు
జామెట్రీ చెప్పింది.
నాకూ చెప్పింది, స్కేలుతో కొట్టింది కూడా.
ఇప్పుడు తెల్లదుప్పటి కింద
ఆమె కొలత చూపుకే అందుతోంది:
ఐదడుగులు, పైన మూడు వేళ్ళు.

ముందు క్షమాపణ అడగాలి.
"గీట్లా, నోసన్ కూతురా,
మా చేతుల్లో ఏ తప్పు దొర్లినా మన్నించు."
అడిగి, హెన్యా జవాబు కోసం ఆగుతుంది.
పొయ్యిలో కట్టె చిటిల్లితే
సరేనన్నట్టు తలూపి మొదలుపెడుతుంది.

కడిగినంత మేరే తెరవాలి.
కడగగానే కప్పాలి.
గోళ్ళ కింద పుల్లతో తీస్తూ
చాక్‌పీసు పొడి వెతికాను, తెలివితక్కువగా.
దొరికింది పిండి.
నిన్న సాయంత్రం రొట్టెకు కలిపిందన్నమాట.
నూకలు చెల్లాయి గాని పిండి మిగిలింది.

యుద్ధంలో, తాష్కెంటు పోయే రైలుపెట్టెలో పుట్టిందట.
ఇంజను నుంచి పట్టిన వేడినీళ్ళతో
ఎవరో పేరు తెలియని మనిషి
మొదటి స్నానం చేయించింది.
ఆ స్నానమూ ఈ స్నానమూ
ఎంత చదువుకున్నవాళ్ళకైనా
సొంత చేతులతో కుదరవు.

ఆరో తరగతిలో చెప్పింది:
సరళరేఖకు చివరలుండవు, కాబట్టి దాన్నెవరూ గీయలేరు.
మీరు గీసేదంతా రేఖాఖండమే.
మరి రెండువైపులా బాణం గుర్తులెందుకు, అబద్ధం కదా అన్నాను.
"అబద్ధం కాదు. మర్యాద," అంది.

మా నాన్న ఇంకోలా చెప్పేవాడు:
అంతటా నిండినవాడు కాస్త ఒత్తిగిలి
మనకు చోటిచ్చాడట,
కిక్కిరిసిన ట్రాములో ఎవరో జరిగినట్టు.
నమ్మానో లేదో నాకే తెలీదు.
అలా జరిగిచ్చిన చోటు వెచ్చగా ఉంటుందని మాత్రం
రోజూ ఎక్కేదాన్ని గనక తెలుసు.

ఇక నీళ్ళు.
మూడు బకెట్లు, ముగ్గురు ఆడవాళ్ళు.
ఒకటి అయిపోకముందే రెండోది అందుకోవాలి,
అది అడుగంటకముందే మూడోది.
ధార తెగకూడదు.
హెన్యా వంచింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మణికట్టు వణికింది.
నేను ఆమె బకెట్‌నే చూస్తూ ఉండిపోయాను.

వెంట్రుకవాసి ఖాళీ.

"తెగింది," అంది హెన్యా.
కోపం లేదు గొంతులో.
"మళ్ళీ."

మళ్ళీ నింపాం.
ఈసారి తొందరపడ్డాను,
సగం నీళ్ళు హెన్యా చేతి మీదే పోశాను.
ఆమె కదల్లేదు.
నా వెనక నుంచి సిమ్కా బకెట్ వచ్చింది,
ఆ పిల్ల ఊపిరి బిగబట్టడం వినిపించింది.
మూడు బకెట్లూ అడుగున్నవే.
నీళ్ళకు ఆ సంగతి తెలియలేదు.

జేబుల్లేని అంగీ తొడిగాం.
ముడులు వేయకూడదు, మెలిపెట్టి వదిలేయాలి.
కళ్ళ మీద, పెదవుల మీద
పగిలిన గిన్నె పెంకులు పెట్టింది హెన్యా.
ఒకదాని అంచున సగం నీలం పువ్వు.
ఆ సగాన్ని గీట్లా ఎలా కొలిచేదో అనుకున్నాను,
నవ్వొచ్చింది, తల దించుకున్నాను.

బయట హెన్యా తడి చేయి
అట్టలా బిగుసుకుపోయింది, వంగనంటోంది.
"గంటె పట్టుకున్నట్టుంది," అని విసుక్కుంది.

గీట్లా పక్కింటి వాల్యా
గేటు దగ్గర నిలబడి ఉంది, చంకలో పొట్లం.
తెల్లారేసరికి గిన్నె దాటి పొంగిపోయిందట పిండి.
పారేయాలో ఉంచాలో తోచక
కాల్చేసిందట.

తలో ముక్క తుంచుకున్నాం.
ఉప్పు వేయడం మరిచిపోయినట్టుంది గీట్లా.
తిన్నాం.