పది చుక్క ఏడు చుక్క

జుగ్దిది నుంచి వ్యానులో నాలుగు గంటలు.
పక్క సీట్లో పిండి బస్తా,
దాని మీద నిద్రపోతున్న ఎవరి పిల్లాడో.
ఎంగురి నది కాసేపు కుడి కిటికీలో, కాసేపు ఎడమ కిటికీలో,
కుదురుగా కూర్చోలేని మనిషిలా.
మెస్తియాలో దిగేసరికి వాన.
భూకంపాలు కొలిచే పెట్టెకి నా కోటు తొడిగి
నేను తడిశాను.

మక్వాలా గారింట్లో వైఫై పాస్‌వర్డు
వాళ్ళ ఆవు పేరు.
క్యాలెండరు వెనక పెన్సిలుతో రాసి ఉంది.
కలిసింది. గీతలన్నీ నిండుగా వెలిగాయి.
ఇల్లలకగానే పండగ కాదు కదా.
సర్వర్ దొరకలేదు, అంది.
వాతావరణం దొరకలేదు, బ్యాంకు దొరకలేదు,
పొద్దున నేనెక్కాల్సిన గుట్ట పటం
దొరకలేదు.

తీగ తెగిందా అంటే, లేదు.
కంఠతా వచ్చిన అంకెల చిరునామా ఒకటి కొట్టి చూస్తే
అవతలి నుంచి ఠంచనుగా జవాబు.
దారి ఉంది.
పేరు చెబితే ఇల్లు చూపించే మనిషే లేడు.

సెట్టింగుల్లో లోపలికి, ఇంకా లోపలికి వెళ్తే
చేత్తో నింపిన రెండు గడులు.
పది చుక్క ఏడు చుక్క సున్నా చుక్క రెండు.
దాని కింద అదే, చివర తొమ్మిది.

బద్రి నింపాడు.
"ఆటోమేటిక్ అంటే దారిన పోయే ప్రతివాడి మాటా నమ్మడం నెస్తాన్,
ఒక నమ్మకస్తుణ్ణి పెట్టుకో."
ఆ నమ్మకస్తుడు అతని బల్ల కింద గుర్రుమనే పాత యంత్రం,
నెత్తిన పొద్దుతిరుగుడు గింజల డబ్బా.
పోయిన సెప్టెంబరులో బద్రి బతూమి రేవులో ఉద్యోగానికి వెళ్ళిపోయాడు.
కప్పు కడగకుండా వదిలేసి.

అయితే ఈ సాయంత్రమంతా
నా లాప్‌టాప్ ఇంత కొండ మీద నిలబడి
త్బిలిసిలో ఒక గోడకి చెప్పుకుంటోందన్న మాట.

వేడి కుబ్దారీ పళ్ళెంతో మక్వాలా వచ్చి
నా మొహం చూసింది. ఉప్పు కోసం వెతుకుతున్నాననుకుంది.
"ఏం కావాలన్నా ఇక్కడ నన్నడుగు,
త్బిలిసికి ఫోన్ చెయ్యకు."

చెరిపే ముందు
ఆ రెండు చిరునామాలూ వ్యాను టికెట్టు వెనక రాసుకున్నాను.
ఎందుకో రెండుసార్లు సరిచూసుకున్నాను.
ఆటోమేటిక్ అని నొక్కాను.
ఫ్రిజ్ మీద రౌటరు, ముక్కూ మొహం తెలియనిది,
తన అంకె తను చెప్పింది.
అన్నీ తెరుచుకున్నాయి, రేపు కూడా వానే అనే కబురుతో సహా.

గుట్టకి పటంలో ఒక పేరు,
పొద్దున దారి చూపిన గొర్రెల కాపరి నోట ఇంకో పేరు.
పెట్టె పాతడానికి రెండూ పనికొచ్చాయి.

త్బిలిసిలో సోమవారం.
టికెట్టు విప్పి, మొదటి గడిలో పది చుక్క ఏడు అని కొడుతుంటే
ఖతూనా భుజం మీంచి చూసింది.
"రెండో నంబరా? దాన్ని ఆపేసి తొమ్మిది నెలలైంది.
ఇన్నాళ్ళూ కింద ఉన్న తొమ్మిదే నీకు పలుకుతోంది."

ఇన్నాళ్ళూ.
ఏ పేరు అడిగినా ముందు బద్రిని పిలిచి,
పలుకుతాడేమోనని ఆగి,
అప్పుడు రెండోవాడి దగ్గరికి వెళ్ళేది.
పేజీ తెరుచుకునే ముందు ఆ చిన్న జాగు
యంత్రానికి వయసు మీద పడిందనుకున్నాను.

మొదటి గడి ఖాళీ చేశాను.
ఇప్పుడు అన్నీ వెంటనే తెరుచుకుంటున్నాయి.
నొక్కాక, అలవాటు కొద్దీ,
నేనే కాసేపు ఆగుతున్నాను.