రొట్టె బిళ్ల

టికెట్టు రెండువేల పెసోలు. పిల్లలకి సగం.
టోపీ తీయకండి, నీళ్లసీసా మరిచిపోకండి.
ఇక్కడ ఆఖరుసారి వాన పడేనాటికి
నాకింకా పాలపళ్లు ఊడలేదు.

ఇదీ సాంతా ఎదువిగెస్.
నేలలో సురేకారం దొరికినన్నాళ్లూ ఊరు,
ఇప్పుడు చూడదగ్గ స్థలం.

అదిగో, అది కొండ కాదండీ,
మా ముత్తాతలు రాయి మరిగించి పారబోసిన పిప్పి.
ఇక్కడి ఉప్పు ఓడలెక్కి పోయి
ఎవరి గోధుమచేలోనో పచ్చగా లేచేది,
ఎవరి ఫిరంగిలోనో పేలేది.
మావాళ్లకి గోళ్ల సందుల్లో మిగిలేది.

ఇది నాటకశాల. మేనేజరు భార్య కుర్చీకి మఖమలు
ఇంకా అలాగే ఉంది,
ఎలకలకి కూడా ఆవిడంటే భయమే.

ఈ కొలను మునిగిన ఓడ రేకులతో కట్టింది.
సముద్రం ఎరగని పిల్లలు ఇందులోనే ఈత నేర్చారు, మా అమ్మతో సహా.
ఇప్పుడు అంచుదాకా ఎండ.
గోడమీది అంకె మాత్రం చెరగలేదు:
లోతు రెండు మీటర్లు, జాగ్రత్త.

శ్మశానం అటు. పువ్వు పూయని చోట
డబ్బారేకు కత్తిరించి పూలు చేశారు.
సాయంత్రం గాలికి అవి గలగలమంటాయి,
అప్పుడు నేనటు వెళ్లను.

ఇక కంపెనీ కొట్టు.
కూలికి డబ్బు కాదు, బిళ్లలిచ్చేవారు.
చిల్లున్నది రొట్టెకి, లేనిది నీళ్లకి.
పొలిమేర దాటితే చొక్కా గుండీకి కూడా పనికిరాదు.
ఎక్కడో దూరదేశంలో గాలిలోంచే ఎరువు తీస్తున్నారంటే
గాలికబురే అనుకున్నారు మావాళ్లు.
ఒక శనివారం సైరన్ మోగలేదు.

నిన్న ఒకాయన వచ్చాడు, ఎల్యూతెరియో చల్యాపా.
ఎనభై దాటి ఉంటాయి.
"ఈ ఊరు వదిలినప్పుడు నాకేడేళ్లు,
పిల్లల టికెట్టే ఇవ్వమ్మా" అన్నాడు.
నవ్వు ఆపుకుని చెయ్యి చాపాను.
కోటు లోపలి జేబులోంచి తీసి
చిల్లున్న బిళ్ల పెట్టాడు అరచేతిలో.
"మా నాన్నది. కొట్టువాళ్లు ఇంకా బాకీ."

ఏమంటాను? టికెట్టు చింపి ఇచ్చాను.

నాటకశాలా చూడలేదు, కొలనూ చూడలేదు.
తిన్నగా కొట్టులోకి పోయి
బల్లకి మోచెయ్యి ఆనించి నిలబడ్డాడు,
ముందు ఇంకా నలుగురున్నట్టు.

పొద్దుగూకి గేటు మూశాక లెక్క చూస్తే
వెయ్యి తక్కువ.
పద్దు పుస్తకంలో ఎదురుగా రాశాను:
రొట్టె, ఒకటి.