లైన్‌మన్

మా మెట్‌పల్లి దిక్కు లైన్‌మన్ అంటే
స్తంభమెక్కి ఫ్యూజు వేసేటోడు.
ఇక్కడ షార్జాల, కాలేజీ వెనక మైదానంల
రంగుబండి తోసుకుంట తెల్లగీతలు గీసే నన్ను
పిల్లలు లైన్‌మన్ అని పిలుస్తరు.
వాళ్ళ ఆటల గూడ లైన్‌మన్లు ఉంటరట.
బంతి ముట్టరు, పేరు రాదు,
వెనక నుంచి ఉరికొచ్చేటోనికి
ఇంత సందు తీసి కింద పడుతరు.

నాకీ సంగతి చెప్పింది ముత్తసిమ్.
సూడానోళ్ళ పిల్లగాడు, పుట్టింది మాత్రం ఈ ఊళ్ళెనే.
తండ్రి నీళ్ళ ట్యాంకర్ నడుపుతడు.
ఇరవై ఏడో నంబరు అంగీ.

ఈ ఆటకు లెక్క గజాలల్లనే.
మీటర్ల దేశంల గజాల మాట విని
మా ఊరోడు కలిసినంత సంబరమైంది.
వంద గజాల ప్లాటు కోసం
పదకొండేండ్ల సంది ఇక్కడున్న నేను.
ఈ పిల్లలు వంద గజాలు ఉరికి
ఒక్క గజం గూడ ఇంటికి తీస్కపోరు.

మొదటి ఏడు వాడు బెంచీ మీదనే.
నాతోని నీళ్ళడబ్బాలు మోసిండు.
రెండో ఏడు బంతి ఇచ్చిన్రు.
మేకపిల్లను చంకల పెట్టుకున్నట్టు
రెండు చేతుల కప్పుకొని, తల దించి,
ముందుగాల ఒక అర అడుగు ఆగేటోడు.
సందు ఎక్కడ తెరుచుకుంటదో
చెవితోని వింటున్నట్టు.
తర్వాత చూస్తే అక్కడ లేడు.
తెల్లారి గడ్డి లేచిన జాగలు చూసి
ఎటు పోయిండో నేను చెప్పేటోణ్ణి.
ఆ ఏడు ఏడు వందల చిల్లర గజాలని
కోచ్ పలక మీద రాసిండు.
చిల్లర ఎంతో నాకు యాదుంది. చెప్ప.

మూడో ఏడు, ఫిబ్రవరి,
అబుధాబీ పిల్లల మీద ఆట.
కందికట్టె ఇరిగిన సప్పుడు.
మోకాలు.
ఆపరేషన్ నాడు దవాఖాన ముందట
ట్యాంకర్ ఆపినందుకు తండ్రికి జుర్మానా పడ్డది.
ఆయన కాగితం మడిచి జేబుల పెట్టుకొని
గేటు కాడ నిలవడే ఉన్నడు.

నాలుగో ఏడు మళ్ళ వచ్చిండు.
ఆ అర అడుగు ఇప్పుడు ఒక అడుగైంది.
సందు తెరుచుకునేది, వీడు పోయేలోపు మూసుకునేది.
అయినా ఆఖరి ఆట ఆఖరి బంతి వాని చేతికే ఇచ్చిన్రు.
రెండు గజాలు చాలు.
కుప్పల పడ్డరు, ఒకని మీద ఒకడు.
ఒక్కొక్కణ్ణి లేపి చూస్తే
బంతి నా గీతకు బెత్తెడు ఇవతల.

బెత్తెడు గెట్టు కాడ
మా నాయన, మా చిన్నాయన
పందొమ్మిదేండ్లు కోర్టుకు తిరిగిన్రు.
ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే.
పొద్దుగాల ఎండల తాడు సాగిందేమో,
నా చెయ్యి వణికిందేమో,
తప్పు గీతదేమో.
రెండు గంటలకు క్యాంపు నుంచి నడుచుకుంట వచ్చి
టేపు పట్టి, మంచుల మోకాళ్ళ మీద పాకి
ఒకటికి మూడుసార్లు కొలిచిన.
గీత సక్కగనే ఉంది.
జీవితంల మొదటిసారి
నా పని తప్పైతే బాగుండని మొక్కుకున్న.

ముత్తసిమ్‌కు అది చెప్పలే.
ఇప్పుడు వాడు ఏసీల కంపెనీల లెక్కలు చూస్తడు.
మెడల కార్డు, ఇస్త్రీ అంగీ.
మొన్న శుక్రవారం వచ్చి
"రాజలింగం భాయ్, బండి ఒకసారి ఇయ్యి" అన్నడు.
ఇచ్చిన.
పది దాకా సక్కగ తోసిండు.
ఇరవై కాడ ఆ కాలు కొద్దిగ ఒరిగింది.
గీత గూడ.

చెరపమంటవా అని అడగలే నేను.
ఏప్రిల్‌ల గడ్డి కోసేదాక ఉంటది.
కొత్త పిల్లగాడొకడు నిన్న దాని మీదికెళ్ళే ఉరికిండు,
కిందికి చూడలే.