చెంగల్రాయుడి లెక్క

చిత్తూరులో, పలమనేరు రోడ్డు మీద,
టైర్ల అంగడి పక్కన కొత్త బీరు కొట్టు.
గాజు తలుపు వెనక చలిలో
ఏనుగు బొమ్మ, ఓడ బొమ్మ, కళ్ళద్దాల కోతి.

ఫోను తీసి కోతిని వెదికాను.
నాలుగు చుక్కలు, ఐదోదానిలో సగం.
పూణే నుంచి ఎవరో నారింజ తొక్క వాసనన్నాడు,
ఇంకొకడు వాన పడ్డ మట్టి అన్నాడు,
డెలివరీ లేటని మూడోవాడు ఒక్క చుక్కే విదిల్చాడు.

"అది వద్దు సామీ," అన్నాడు చెంగల్రాయుడు
ఖాళీ అట్టపెట్టెలు తొక్కి చదును చేస్తా.
"మొగిలి ఘాట్లో లారీ నిలబడిపోయింది.
మూడు గంటలు ఎండకు కాగినాయి ఈ సీసాలు.
మీ ఫోనుకు ఆ సంగతి యాడ తెలుస్తాది?
ఓడ తీసుకోండి."

"నువ్వు తాగి చూసినావా?"

"నేను తాగను.
మా నాయన నా వాటా కూడా తాగేసి పోయినాడు."
నవ్వలేదు.
"తీసకపోయినోళ్ళ మొగాలు చూస్తా,
మళ్ళా వచ్చినప్పుడు."

మేడ మీద, నీళ్ళ ట్యాంకు నీడలో,
ఉడికించిన చెనక్కాయలతో ఓడ.
నిజం చెప్పొద్దూ,
వేపపుల్ల నమిలినట్టుంది మొదటి గుక్క.
రెండోది కాస్త నయం.
ఎన్ని చుక్కలు? అనడిగింది ఫోను.
సీసాలో మిగిలినవా, నేనిచ్చేవా?
వేలు గాల్లోనే ఉండిపోయింది.

మర్నాడు పనేమీ లేకున్నా ఆ దారినే వచ్చాను.
తలుపు తోశానో లేదో,
నోరింకా తెరవకముందే
చెంగల్రాయుడు ఒకసారి నా మొగం చూసి
"చేదెక్కువైనట్టుందే," అని
కింది అరలోకి వంగాడు.