కాలమ్ లేని రెండు కిలోలు

హాలియా తొవ్వల, బడి మైదానంల,
వడ్ల కుప్పల నడుమ ఒక ప్లాస్టిక్ కుర్చీ.
ఇంటర్ తప్పినంక నాకు దొరికిన మొదటి కుర్చీ.
సంఘం బుక్కు రాసే పిల్లనని
తాత వయసోళ్లు సుత నన్ను మేడమంటరు.

బస్తాకు నలభై కిలోలు, ఇది గోడ మీది రూలు.
నలభై రెండు, ఇది కాంటా రూలు.
తాలని ఒకపారి, తేమని ఒకపారి,
ఏ సాకూ దొరకనినాడు
"మిల్లోళ్లు దించుకుంటలేరు" అని.
కాంటా నలభై రెండు చూపెడతది,
నా పెన్ను నలభై రాస్తది.
నడుమ రెండు కిలోలు
కండ్ల ముంగట్నే ఇంకిపోతయి.

ఇంచార్జి చెడ్డోడేం గాదు.
నాకు చాయ్ చెప్పిస్తడు.
బిడ్డ హాస్టలు ఫీజు గురించి
ఫోన్ల గొంతు తగ్గించి మాట్లాడుతడు.

జంగయ్య ముందుగాలనే నవ్వుతడు.
అడగకముందే రెండు దోసిళ్లు ఎక్కువ పోస్తడు,
"ఎట్లయినా పోయేటియే, మర్యాదగ పోనీ."
లింగస్వామి నిన్న హోటల్ల బల్ల గుద్ది మాట్లాడినోడు,
ఇయ్యాల తేమ మిషన్ ముంగట
డాక్టరుకు నాలిక చాపిన పోరని లెక్క నిలబడ్డడు.
రమావత్ హన్మా సంచిల కోడిని తెచ్చిండు.
ఆ పొద్దు మా సెంటర్ల
గట్టిగ ఒర్రింది ఆ కోడి ఒక్కటే.
పట్నంల చదివే పిలగాడొకడు వీడియో తీసిండు.
పొద్దుగూకినంక వాళ్ల నాయిన వచ్చి
"తీసేయించిన సారూ" అని చెప్పిపోయిండు.
ఎవలూ అడగలే.

నేనా? నలభై రాస్త.
నా రాత ముత్యాల లెక్క ఉంటదని పేరు.

మబ్బు పట్టిన దినం ఇద్దమ్మ వంతొచ్చింది.
ఎకరంన్నర కౌలు. పద్దెనిమిది రాత్రులు
కుప్ప మీద తన చీరే కప్పి
పక్కన తను పండింది.
ముప్పై ఒక్క బస్తా.
కాంటా అయినంక లొల్లి పెట్టలే, దండం పెట్టలే,
కొంగుతోని చేతులు తుడుసుకుంట నా బల్ల కాడికొచ్చింది.

"బిడ్డా, అరవై రెండు కిలోలు ఎక్కువిచ్చిన.
రూలంటున్నరు గద, మంచిదే.
రూలైతే చిట్టీ రాసియ్యి,
ఎవలకిచ్చిన్నో పేరు పెట్టి.
పెండ్లిల యాభై రూపాయలు సదివిచ్చినా
పేరు రాసుకుంటరు."

"దానికి కాలమ్ లేదవ్వా" అన్నడు ఇంచార్జి.

"లేకుంటె గీయుండ్రి.
పిల్ల కాడ స్కేలున్నది గద."

అందరు నవ్విన్రు. జంగయ్య సుత.
ఆ నవ్వు నడుమల తెగింది,
ముందు ఎవలు ఆపిన్రో తెల్వది.
లారీ చెక్క మీద ఒక కాలు పెట్టి
ఒక హమాలీ బస్తాతోని అట్లనే ఆగిండు.
నలభైకి, నలభై రెండుకు తేడా
భుజంతోని తెలిసినోడు.

నేను గీత గీసిన.
ధైర్యమని కాదు. గీయమంటె గీసుడు
చేతికి అలవాటు.
ఇద్దమ్మ. అరవై రెండు.
ఎవలకు, అన్న కాడ పెన్ను ఆగింది.
ఇంచార్జి నా దిక్కు చూడలే,
నేను ఆయన దిక్కు చూడలే.
ఇద్దమ్మ ఇద్దరినీ చూసింది.

మాపటికి ఆ పేజీని బ్లేడుతోని కోసిండు,
పైలంగ, అంచు చెడకుంట.
"మల్ల రాయమ్మా, ఎప్పటి లెక్కనే."
రాసిన. ముత్యాల లెక్కనే రాసిన.

తెల్లారి జంగయ్య ఎప్పటి తీర్గ రెండు దోసిళ్లు పోసిండు.
లింగస్వామి మాత్రం నా కుర్చీ ఎనక నిలబడి,
ఎటో చూసుకుంట,
"నా పేరు మీద ఎన్నయితయి?" అన్నడు
చెవికి మాత్రమే ఇనపడేటట్టు.

ఆ బుక్కుల పేజీ కింద పేజీ ఉంటది,
నడుమ నల్ల కార్బన్ ఉంటది.
సారుకు యాదికి లేదు.
నాకున్నది.
చెప్పలే.