ఏడో గడిలో చుక్క

చంపావతి ఒడ్డున, నెల్లిమర్ల మిల్లు గేటు దగ్గర
పేరు రాసుకుని నాకూ ఒక టోకెను ఇచ్చారు.
తొంభై తొమ్మిది, సెప్టెంబరు.
గోగునార నూనె వాసన చొక్కాకి అప్పుడే పట్టేసింది.

పని చిన్నది.
సంవత్సరానికి రెండంకెలే రాసి పెట్టారెవరో,
వాటిని నాలుగు చెయ్యాలి.
రెండు సున్నాలు వస్తే కంప్యూటరు
కూలీలందర్నీ పుట్టకముందుకి తోసేస్తుందని మేనేజరు భయం.

నవ్వొచ్చింది. కానీ ఆ పొదుపు నాకు తెలుసు.
జ్ఞాపకం బంగారం ధర పలికిన రోజుల్లో
శతాబ్దాన్ని కత్తిరించి దాచుకున్నారు,
మా అమ్మ అగ్గిపుల్లని నిలువునా చీల్చినట్టు.

కత్తిరించినవాడు ఉరిటి కామేశం.
బీరువాలో అతని కార్డులు ఇంకా ఉన్నాయి,
గోగు పురికొసతో కట్టి.
ఒకటి తీసి కిటికీకి ఎత్తిపట్టాను.
చిల్లుల్లోంచి మిల్లు పొగగొట్టం ముక్కలుముక్కలుగా కనిపించింది.
అట్ట ఏమీ చెప్పదు. చెప్పేదంతా అట్ట లేనిచోటే.
ఎక్కడో సముద్రాలవతల ఒక పట్టుమగ్గానికి
పువ్వు ఎలా నెయ్యాలో చెప్పడానికి కొట్టిన చిల్లుల సంతతి,
తిరిగి తిరిగి గోనెసంచుల దగ్గరికి వచ్చింది.

కామేశాన్ని నేను చూడలేదు.
మూడు వారాలు అతని తలలో కాపురమున్నాను.
ఎక్కడ తొందరపడ్డాడో, ఎక్కడ టీకి లేచాడో
వరుసలు చూస్తే తెలిసేది.
అడ్వాన్సుకి చేబదులని, మినహాయింపుకి కోత అని
ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు పెట్టుకున్నాడు.
పో అన్నచోటికి పోయాను, ఆగు అన్నచోట ఆగాను.
ఆ మూడు వారాలూ నేనే అతని యంత్రాన్ని.

నాలుగో వారం దొరికింది:
టోకెను నాలుగువందల పదిహేడు అయితే
కోత సున్నా.
కారణం లేదు. పైన ఒక వరుస మాత్రం ఉంది,
ఏడో గడిలో చుక్కతో.
ఆకాశంలో చుక్కలాంటి చుక్క.
అది పెట్టిన వరుసని యంత్రం చదవదు, దాటిపోతుంది.
మనిషే చదవాలి.
"ఇది తప్పు కాదు. తియ్యకండి. కా."

టైమాఫీసులో సూరీడమ్మని అడిగాను.
"అసిరినాయుడి లెంబరు బావూ అది.
సాఫ్నర్ మిషన్ల సెయ్యెలిపోనాది, ఎనభైనాలుగుల.
నాగాలు కొయ్యకుండా కామేశంగారేటో సేసినారంట.
ఏటి సేసినారో మాకెవులికీ తెల్దు."

అసిరినాయుడు తొంభైలో పోయాడు.
ఆ టోకెను తర్వాత ముగ్గురి చేతులు మారింది.
కోతపడని నెంబరని, చీట్లు వేసి మరీ తీసుకున్నారట.
పైడితల్లమ్మ మహిమ అన్నాడట ఒకడు.

అతని జాలి ఒక మనిషి మీద.
యంత్రానికి మనిషిని ఎలా చెప్పడం?
అంకె చెప్పాడు.
మనిషి పోయాడు, అంకె ఉండిపోయింది,
జాలి అంకె వెనకే నడిచిపోయింది
ఎవరి గుమ్మం ఎక్కుతోందో చూసుకోకుండా.

నాకు నేర్పిన చదువులో ఉన్నవి రెండే: అవును, కాదు.
ఇది ఇప్పుడు దయా, తప్పా అని
రెండు రాత్రులు గెస్టుహౌసులో దోమలతో పాటు తిరిగాను.
వినేవాడి ముఖం చూడకుండా ఆజ్ఞ రాసిపెట్టి వెళ్లిపోవడం,
నా వృత్తి ఇంతే కదా.

తీసేశాను.

చుక్క వరుసని మాత్రం ఉంచాను.
తియ్యొద్దన్నదాన్ని తీసేసి, వద్దన్న మాటని దాచాను.
అదేం న్యాయమో నన్నడక్కండి.

జనవరిలో మొదటి జీతాల రోజు
అందరూ పుట్టిన తర్వాతే ఉన్నారు. మేనేజరు లడ్డూలు పంచాడు.
నాలుగువందల పదిహేడు, లెంక గౌరీసు,
చీటీ రెండుసార్లు చదివాడు.
"రెండు నాగాలు కోసినారేటి బావూ?
ఈ లెంబరుకి కొయ్యరు గదా?"
లెక్క సరిగ్గానే ఉందన్నాను.
వేలితో గీతలు లెక్కపెట్టుకుంటూ ఇంకాసేపు నిలబడ్డాడు.
అతను చెక్క అడ్డకి అవతల, నేను ఇవతల,
మధ్యలో ఒక చిల్లు,
నోట్లు పట్టేంత.