సక్రియ గంటలు

ముహర్రఖ్‌ల మా రూముకు కిటికీ ఒకటే,
కంప్యూటర్ ఒకటే, మనుషులం ఏడుగురం.
మూతవడ్డ ట్రావెల్స్ ఆఫీసుల
పద్దెనిమిది దీనార్లకు బేరం తెగితే
పోశెట్టి నెత్తిమీద పెట్టుకొని తెచ్చిండు.
ఇప్పటికీ తెరిస్తే ఎవరో సాజిదాకు స్వాగతం చెప్తది.
ఆమె ఎవరో మాకు తెల్వదు.
రోజూ ఆమె పేరు మీదనే లోపలికి పోతం.

భాష తెలుగు పెట్టింది నేనే.
పెట్టినంక తెలిసింది, అది మనం మాట్లాడే తెలుగు కాదని.
"పునఃప్రారంభించు" అంటది.
మోబిన్ మూడుమాట్ల నోరు తిప్పి చూసి
"మళ్ల లేపు అంటే అయిపాయె గదా" అన్నడు.
అప్పటిసంది మా రూముల అప్‌డేట్ పేరు లేపుడు.

లేపుడు పని నాది.
నేనేం చదివినోన్ని గాదు.
లాండ్రీల బిల్లు మిషన్ ముందట కూసుంటనని
అన్ని మిషన్లు నాకే ఎరుకైనట్టు చూస్తరు.

నెలల రెండో బుధవారం అటూఇటూ
తెర మూలకు నారింజ చుక్క వస్తది.
ఇగ పంచాది షురూ.
డేటా చందా అందరిది.
అది గుటగుట తాగుతుంటే
గంగనర్సు ఫోన్ల బిడ్డ మొఖం
నవ్వు సగంలనే ఆగిపోతది.
ఎల్లాగౌడ్ అంటడు, నడిచేదాన్ని ఎందుకు గెలుకుడు.
మోబిన్ అంటడు, పైసలు పంపే పాస్‌వర్డ్ దాంట్లనే ఉన్నది,
తలుపుకు గొళ్లెం పెట్టకుంటే ఎట్ల.
ఇద్దరిదీ నిజమే.
నేను "ఏడు రోజులు వాయిదా" నొక్కుత.
ఐదువారాలు ఊకుంటది.
ఆరో వారం అడగది.

మొన్న అడగలే.
అర్ధరాత్రి దాటింది. ఎల్లాగౌడ్ ఒక్క వేలుతోటి
తొమ్మిదేండ్ల ఓవర్‌టైం లెక్క కొడుతున్నడు,
లేబర్ ఆఫీసుల ఇచ్చేటందుకు.
ఏ నెల, ఏ సైటు, ఎన్ని గంటలు.
తెర నీలంగయింది.
ముప్పై ఏడు శాతం.
ఆయన చెయ్యి ప్లగ్గు మీదికి పోయింది.
"ముట్టకు!" అని నేను ఒర్రితే
నిద్రపోయేటోళ్లు ముగ్గురు లేచిర్రు.

ముప్పై ఏడు కాడ నలభై నిమిషాలు.
ఫ్రిజ్ గూడ అదే బోర్డు మీద ఉన్నది,
దాని మోటరు గుర్రుమన్నప్పుడల్లా గుండె జల్లుమన్నది.
పైనుంచి విమానం దిగింది, గ్లాసులు కదిలినయ్.
నూరయింది. సాజిదాకు స్వాగతం.
లెక్క నాలుగో ఏడాది మార్చి కాడ తెగింది.
ఎల్లాగౌడ్ ఏమనలే.
చాయ్ పెట్టిండు, చక్కెర మర్చిండు, అందరం తాగినం.

తెల్లారి నేను సెట్టింగులన్ని తిరగేసిన.
ఒక కాడ రాసుంది: సక్రియ గంటలు.
మీరు ఏ వేళల పని చేస్తరో చెప్పుండ్రి,
ఆ వేళల మిమ్మల్ని కదిలియ్యం.

నాకు ఎన్నడు ఎవ్వరడగని మాట.
సూపర్‌వైజర్ అడగలే, వ్యాన్ డ్రైవర్ అడగలే.

కాయిదం పట్టుకొని ఒక్కొక్కలను అడిగిన.
పోశెట్టి మూడున్నరకు కార్లు కడుగ పోతడు.
గంగనర్సు రొట్టెలబట్టీ నుంచి నాలుగింటికి వస్తడు.
మోబిన్ కార్గోల, వారానికో షిఫ్టు.
ఒకడు లేచిన మంచం చల్లారకముందే
ఇంకొకడు పంటడు, కుర్చీ గూడ అంతే.
ఇరవై నాలుగు గంటలు నిండినయ్.
నింపితే మిషన్ ఒప్పలే:
పద్దెనిమిది గంటలకు మించరాదు.

ఎల్లాగౌడ్ అద్దాలు పెట్టుకొని రెండుమాట్ల చదివిండు.
"ఇనుపదానికి గూడ పద్దెనిమిదేనారా?"
ఆ మంగళవారంసంది మొదటిసారి నవ్విండు.
"ఇది ఫోటో తియ్యి. అర్జీకి జోడిద్దాం."

లేపుడు ఇగ జుమ్మా పూట.
మోబిన్ నమాజుకు పోతడు,
కడమోళ్లం మాంసం కడుక్కుంట కాపలా ఉంటం.
ప్లగ్గు మీద ప్లాస్టర్ అంటించి రాసిన,
ముట్టకు, సాఫ్ తెలుగుల.

రాత్రి ఎల్లాగౌడ్ మళ్ల కూసున్నడు.
"ఏప్రిల్‌సంది చదువు" అన్నడు.
నేను పాత డైరీ చదువుతున్న, ఆయన కొడుతున్నడు.
నెల అయినకొద్దీ వేలు ఆపి,
తెర మూలకు ఓ చూపు చూసి,
సేవ్.